ఇంటి మీద రోప్ లైటు ఎలా వేయాలి?

పెత్రమాస దగ్గర పడితే మా నల్లగొండలో ఏ వాడకు పోయినా డాబాల మీద నిచ్చెనలే. సద్దుల బతుకమ్మ నాటికి ఆ డాబాల మీది రోప్ లైట్లు, అంటే ప్లాస్టిక్ గొట్టంలో వరుసగా బల్బులుండే తాడు లైట్లు, చాలావరకు సగం వెలిగి సగం ఆరి ఉంటాయి. అందరూ సరుకును తిడతారు. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు వేసినవాళ్లదే.

ముందు కొలత. 30 బై 40 ఇల్లయితే చుట్టూ 140 అడుగులు, అంటే దాదాపు 43 మీటర్లు. 45 మీటర్లు తెచ్చుకోండి. పవర్ కార్డు, ఎండ్ క్యాపు, రెండడుగులకొకటి లెక్కన 70 క్లిప్పులు, పైన ఇంకొన్ని, గిట్టీలు, సిలికాన్ ట్యూబు కూడా. రంగు మాత్రం వార్మ్ వైటే. రంగురంగులది వేస్తే వైన్స్ అనుకుని బండ్లు ఆపుతారు.

చుట్ట విప్పి స్లాబు మీద పరిచి, ఒకసారి వెలిగించి చూడండి. చుట్టగా ఉన్నప్పుడే స్విచ్ వేస్తే వేడెక్కి పాడవుతుంది. ప్లగ్గు తీసేశాక పిట్టగోడ బయటివైపు క్లిప్పులు బిగించి, రోప్‌ను అందులో నొక్కితే సరి. మేకులు, బైండింగ్ వైరు వద్దు. ఒకవైపు కరెంటు తీగలు దగ్గరగా పోతుంటే ఆ వైపు వదిలేయండి. మూడు వైపులు వెలిగినా పండుగ పండుగే.

ఇక కోయడం, కలపడం. అందరూ బోర్లా పడేది ఇక్కడే.

రోప్ మీద కత్తెర గుర్తు ఉంటుంది. చాలావాటికి మీటరుకొకటి. ప్లగ్గు తీసి, సరిగ్గా ఆ గుర్తు మీదే, పదునైన బ్లేడుతో అడ్డంగా, తిన్నగా ఒక్క కోత. నాలుగంగుళాలు మిగిలిందని మధ్యలో కోస్తే ఆ ముక్క మొత్తం చీకటే. మిగిలితే మడిచి లోపలివైపు కట్టండి, కొంప మునగదు.

పవర్ కార్డు పిన్నులు రెండూ రోప్ లోపలి రెండు వైర్లలోకి సూటిగా దిగాలి. వెలగకపోతే బలవంతంగా తోయకండి. ప్లగ్గు తీసి, పిన్నును సగం చుట్టు తిప్పి మళ్లీ గుచ్చండి. ప్లస్సు, మైనస్సు తారుమారైతే రోప్ వెలగదు.

వెలిగింది కదా అని వదిలేస్తే అసలు ప్రమాదం అక్కడే. కోసిన చివర్లో ఇంటి కరెంటంత కరెంటు ఉంటుంది. క్యాపులో సిలికాన్ నింపి తొడగండి, జాయింటు చుట్టూ కూడా పూయండి, ఒక రాత్రి ఆరనివ్వండి. ఉత్త టేపు చుడితే నేను ఒప్పుకోను, ఎండకు దాని జిగురు కారిపోతుంది. మిర్యాలగూడలో మా బావ అలాగే టేపు చుట్టాడు. వాన పడ్డ మర్నాడు డాబా మీది ఇనుప రెయిలింగుకు టెస్టర్ ఆనిస్తే బుగ్గున వెలిగింది. అంతకు పది నిమిషాల ముందే మా అక్క దాని మీద చీర ఆరేయబోయింది.

జాయింటు ఎప్పుడూ సన్‌షేడ్ కింద ఉండాలి. వైరు బోర్డులోకి పోయేముందు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, సాకెట్లోకి పోవు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే దానంతటదే ఆపేసే స్విచ్) లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి, తర్వాతే లైటు.

చివరి మాట కోతుల గురించి. వేలాడే కొస కనబడితే గుంజకుండా పోవు. మొదట్లో, చివర్లో అడుగుకొక క్లిప్పు వేయండి.