వానలు పడకముందే పసిబిడ్డ పక్క సర్దుకోండి: గోదావరి తల్లులకి, అమ్మమ్మలకి కొన్ని జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే మన ఇళ్ళలో పడకలన్నీ మారిపోతాయి. డాబా మీద పడుకునేవాళ్ళు లోపలికి వస్తారు, కిటికీలు మూసుకుంటాయి, అటక మీది బొంతలు కిందికి దిగుతాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు గానీ దోమలు మాత్రం టైముకి వచ్చేస్తాయి. ఇంట్లో నెలల బిడ్డ ఉంటే ఈ హడావుడంతా ఆ బిడ్డ పక్క మీదే పడుతుంది. చలేస్తుందని ఒక రగ్గు, దొర్లిపోతుందని అటూ ఇటూ దిండ్లు, దోమలని మంచం కింద కాయిల్. అన్నీ ప్రేమతో చేసేవే. నిద్రలో పసిపిల్లల ప్రాణం మీదికి తెచ్చేవీ చాలావరకు ఇవే.

ఏ కారణమూ దొరకని నిద్ర మరణాలు ఎక్కువగా రెండో నెల నుంచి నాలుగో నెల లోపల జరుగుతాయి. ఆరు నెలలు దాటాక ముప్పు బాగా తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన పిల్లలకి ఆ గడ్డుకాలం సరిగ్గా గోదావరి పోటు మీదుండే జూలై, ఆగస్టుల్లో పడుతుంది. అందుకే ఈ జాగ్రత్తలు ఇప్పుడే చెప్పుకోవాలి. అసలు సూత్రం చిన్నదే. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్క చదునుగా, గట్టిగా ఉండాలి. దాని మీద బిడ్డ తప్ప ఇంకేమీ ఉండకూడదు. అమ్మ చెయ్యి అందేంత దూరంలో ఉండాలి. చలైనా, వానైనా, వరదైనా ఇది మారకూడదు. కష్టమంతా దీన్ని మన ఇళ్ళలో, మన మంచాల మీద కుదుర్చుకోవడంలోనే ఉంది.

వెల్లకిలా పడుకోబెడితే పాలు గొంతుకి అడ్డం పడవా?

టీకాల రోజున అంగన్‌వాడీ దగ్గర నలుగురు తల్లులు కూర్చుంటే మొదట వచ్చే ప్రశ్న ఇదే. పక్కనే ఉన్న అమ్మమ్మగారు "మా కాలంలో బోర్లానే పడుకోబెట్టాం, మీరంతా పెరగలేదేంటమ్మా?" అంటారు. ఆవిడ మాటని కొట్టిపారేయక్కర్లేదు. ఎక్కువమంది పిల్లలు ఎలా పడుకోబెట్టినా పెరిగారు, నిజమే. పెరగని వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడుకోలేదు, అంతే.

భయం ఎక్కడుందో చూద్దాం. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారగొట్టం దాని కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎత్తు ఎక్కాలి. బోర్లా పడుకోబెడితే గాలిగొట్టమే కిందికి వస్తుంది, పాలు దాని మూతి దగ్గరే చేరతాయి. అంటే మనం దేనికి భయపడి బోర్లా వేస్తున్నామో ఆ ప్రమాదం బోర్లాలోనే ఎక్కువ. పక్కకి పడుకోబెట్టడం మధ్యేమార్గంలా కనిపిస్తుంది గానీ, బిడ్డ నిద్రలో అక్కణ్ణించి ఇట్టే బోర్లా పడిపోతుంది. పాలు పట్టాక భుజం మీద వేసుకుని తేన్పు రానిచ్చి, ఆ తర్వాత వెల్లకిలా వెయ్యండి. అమెరికాలో 1994లో దీని మీద పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. కొన్నేళ్ళలోనే ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

తల వెనక చదునైపోతుందన్నది రెండో బెంగ. దానికోసమే మన వైపు ఆవాల దిండు కుట్టిస్తారు. ఏడాది నిండేదాకా బిడ్డకి ఏ దిండూ వద్దు, ఆవాలదైనా సరే. మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజుకి నాలుగైదు సార్లు కాసేపు బోర్లా వెయ్యండి. పడుకోబెట్టేటప్పుడు తల ఒక రోజు తలుపు వైపు, ఇంకో రోజు గోడ వైపు ఉండేలా మార్చండి. చాలామంది పిల్లలకి తల దానంతటదే గుండ్రంగా వస్తుంది. కత్తి, తాళంచెవి, వేపమండ లాంటివి తలగడ కింద పెట్టే ఆచారం ఉంటే మంచం కింద పెట్టుకోండి, దిష్టికి అదీ చాలు. మెడలో మాత్రం తాయెత్తు, నల్లతాడు, గొలుసు ఏదీ వద్దు.

నవ్వారు మంచం, అమ్మ పక్క

బిడ్డకి విడిగా ఒక తొట్టిమంచం ఉండి, అది అమ్మ మంచం పక్కనే ఉంటే అన్నిటికన్నా మేలు. పిల్లల డాక్టర్లు చెప్పేదీ అదే. కానీ ఒక గది, ఒక ఫ్యాను, ఒక దోమతెర ఉన్న ఇంట్లో బిడ్డ అమ్మ పక్కలోనే పడుకుంటుంది. అది తెలిసి కూడా "పక్కలో వేసుకోకు" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోతే, తల్లి నిద్ర ఆపుకోవడానికి కుర్చీలో కూర్చుని పాలిస్తూ అక్కడే కునికిపాట్లు పడుతుంది. మంచం కన్నా అది ఎన్నో రెట్లు ప్రమాదం. సోఫా, పడక కుర్చీ రెండూ అంతే. మనవణ్ణి గుండెల మీద వేసుకుని తాతగారు వరండాలో పడక కుర్చీలో కునుకు తీస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది, ఫొటో కూడా తీస్తాం. తీశాక బిడ్డని తెచ్చి పక్క మీద వెయ్యండి.

ఇక మంచం సంగతి. నవ్వారు మంచం కొన్నాళ్ళకి నడుమ సాగిపోతుంది, వానాకాలం తేమకి మరీను. ఒకసారి మీ మంచం మీద వెల్లకిలా పడుకుని, పక్కన ఒక బత్తాయి పెట్టి చూడండి. అది దొర్లి మీ నడుముకి ఆనిందంటే బిడ్డా అలాగే వస్తుంది, ముఖం మీ ఒంటికి అదుముకుంటుంది. తిరిగి తిప్పుకునేంత బలం ఆ మెడకి ఉండదు. అలాంటి మంచం మీద బిడ్డని పడుకోబెట్టకండి. చెక్క మంచం, దాని మీద పలచని గట్టి పరుపు, బిగుతుగా పరిచిన దుప్పటి ఉంటే చాలు. బూరుగుదూది పరుపు మెత్తగా ఉండి బిడ్డ దిగబడిపోతుంది, అది వద్దు. మంచానికీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉన్నా బిడ్డ అందులోకి జారి ఇరుక్కుంటుంది. మంచం గోడకి దూరంగా లాగి, చుట్టూ కింద చాపలు పరవండి.

పక్కలో బిడ్డ ఉన్నప్పుడు తల్లి జడ ముడేసుకోవాలి, నైటీ తాళ్ళు లోపలికి దోపుకోవాలి, తన దుప్పటి నడుము దాటి పైకి రానివ్వకూడదు. బిడ్డ తల్లికీ తండ్రికీ మధ్యన కాదు, తల్లికి ఒక పక్కన ఉండాలి. పెద్దపిల్ల చెల్లి పక్కన పడుకుంటానని మారాం చేసినా ఒప్పుకోవద్దు. తండ్రి గానీ ఇంకెవరు గానీ ఆ రాత్రి తాగి ఉంటే వాళ్ళ పక్క వేరే. తల్లి నిద్ర తెప్పించే మాత్ర గానీ, మత్తు తెచ్చే దగ్గుమందు గానీ వేసుకున్నా అంతే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డనీ, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డనీ రాత్రి పక్కలో వేసుకోనే వద్దు. ఆసుపత్రిలో కంగారూ పద్ధతి (బిడ్డని తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించి ఉంచడం) నేర్పి ఉంటే వాళ్ళు చూపించినట్టే చెయ్యండి. బీడీ, సిగరెట్, చుట్ట తాగే ఇంట్లో బిడ్డకి ముప్పు ఎక్కువ. అరుగు మీద కాల్చినా వెంటనే బిడ్డని ఎత్తుకోకూడదు.

నేల మీద పడుకుంటే?

పుస్తకాల్లో రాసినదానికీ మన డెల్టాకీ ఇక్కడ తేడా వస్తుంది. నేల మీద పరుపైతే బిడ్డ కింద పడే భయం ఉండదు, ఎండాకాలంలో మంచి పద్ధతే. కానీ చేలల్లో నీళ్ళు నిండాక పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది. కాబట్టి వానాకాలంలో మంచమే మేలు. తప్పనిసరై నేల మీద పడుకుంటే దోమతెర అంచులన్నీ పరుపు కిందికి దోపండి. అది దోమల్నే కాదు, పాముని కూడా ఆపుతుంది. తెర బిగుతుగా ఉండాలి, వదులుగా వేలాడుతూ బిడ్డ ముఖం మీద పడకూడదు. గొడుగులా తెరుచుకునే చిన్న దోమతెరలు బాగుంటాయి గానీ, వాటితోపాటు ఇచ్చే మెత్తటి పరుపు, బుల్లి దిండు తీసి పక్కన పెట్టేయండి.

పొగ, ఉక్క

మూసిన గదిలో కాయిల్ వెలిగించకండి. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగరేణువులు 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేంత ఉంటాయని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. రెండు నెలల లోపు పిల్లలకి దోమల క్రీములూ రాయకూడదు. దోమతెరని మించింది లేదు.

పురిటి గదిలో కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. వానకి పొత్తిగుడ్డలు ఆరవు కాబట్టి కుంపటి మీద ఆరబెడతారు. గుడ్డలు ఆరబెట్టుకోండి, కానీ వేరే చోట. తలుపులు మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తల్లీబిడ్డా నిద్రలోనే స్పృహ తప్పుతారు. జనరేటర్ వరండాలో పెట్టినా అదే వాయువు లోపలికి వస్తుంది. సాంబ్రాణి కూడా బిడ్డ లేని గదిలోనే వెయ్యండి.

చలి గురించి మనకున్నంత భయం ఉక్క గురించి లేదు. మన వైపు వానాకాలం చలికాలం కాదు, ఉక్కపోతే ఎక్కువ. కరెంటు పోయిన రాత్రి బిడ్డకి టోపీ, మేజోళ్ళు, పైన ఊలు శాలువా ఉంటే ఒళ్ళు వేడెక్కిపోతుంది. అదీ నిద్ర మరణాల ముప్పుని పెంచేదే. చేతులు, కాళ్ళు చల్లగా ఉన్నాయని కంగారుపడకండి, పసిపిల్లలకి అవి తరచూ అలాగే ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టినా, కాలుతున్నా ఒక పొర తియ్యండి. మనం వేసుకున్నదాని కన్నా ఒక్క పొర ఎక్కువుంటే చాలు. ఫ్యాను వేస్తే జలుబు చేస్తుందన్న భయం వద్దు, నేరుగా ముఖానికి తగలకుండా ఉంటే సరిపోతుంది. పొత్తిగుడ్డలో చుట్టేటప్పుడు ఛాతీ దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. బోర్లపడితే బొబ్బట్లు పంచడం మన ఆచారం కదా, ఆ బొబ్బట్ల దాకా ఆగకుండా బిడ్డ ఒరగడం మొదలుపెట్టగానే చుట్టడం మానెయ్యాలి. తనంతట తను అటూ ఇటూ దొర్లడం వచ్చాక, వెల్లకిలా పడుకోబెట్టిన బిడ్డ రాత్రి బోర్లా తిరిగితే లేచి తిప్పుతూ కూర్చోనక్కర్లేదు.

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు సరిగ్గా ఆ గడ్డు నెలల్లోనే వస్తాయి. అందుకే అక్కడక్కడా "టీకా వేయించాక అలా జరిగిందట" అన్న పుకారు పుడుతుంది. టీకాలకీ నిద్ర మరణాలకీ సంబంధం లేదు. టీకాలు వేయించిన పిల్లల్లో ఆ మరణాలు తక్కువని తేలింది కూడా. జ్వరం వచ్చిన బిడ్డని దుప్పట్లో చుట్టకుండా ఉండటమే ఆ రాత్రి జాగ్రత్త. తల్లిపాలు ఆపకండి, అవీ ఒక రక్షణే.

చీర ఉయ్యాల, జలుబు మందులు

దూలానికి కట్టిన చీర ఉయ్యాల మీద నాకూ మమకారమే. కానీ అందులో బిడ్డ ఒంటి బరువుకి గుడ్డ ముడుచుకుపోతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, సన్నని గాలిదారి మడతపడుతుంది. పైన రెండు అంచులూ కలిస్తే బిడ్డ ముఖమే కనపడదు. మెలకువగా ఉన్న మనిషి పక్కన కూర్చుని ఊపే కాసేపటికే అది. బిడ్డ నిద్రపోగానే తీసి పక్క మీద వెయ్యండి. రాత్రి పడకకి వద్దు.

ముక్కు దిబ్బడేస్తే ఆముదం, కొబ్బరినూనె చుక్కలు ముక్కులో వెయ్యకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కర్పూరం మూట కట్టడం, కర్పూరం ఉన్న బామ్‌లు రాయడం రెండేళ్ళ లోపు పిల్లలకి వద్దు. కర్పూరం ఒంట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. "రాత్రంతా ఏడుస్తోంది, ఫెనర్గాన్ రెండు చుక్కలు వెయ్యి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండేళ్ళ లోపు పిల్లలకి ఆ మందు ఊపిరినే ఆపేయగలదు. ముక్కు దిబ్బడకి సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు చాలు. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఆశా కార్యకర్త పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆవిడ వచ్చినప్పుడు బిడ్డని చూపించి పంపేయకుండా, బిడ్డ పడుకునే చోటు కూడా చూపించండి.

డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరి మధ్యమధ్యలో ఆగుతున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగడం మానేసినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. బిడ్డని కుదపడం, తలకిందులుగా పట్టుకోవడం చెయ్యకండి.

వరద వస్తే

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో వరద మూడోదాన్నీ దాటేసింది. లంకల్లో ఉన్న బాలింతలు మొదటి హెచ్చరికకే కదలడం మంచిది. కాజ్‌వే మునిగాక పడవే దిక్కు. పడవలో వాన పడుతుంటే బిడ్డ మీద పాలిథిన్ కప్పకండి, గొడుగు పట్టండి. కొంగులో ఎత్తుకున్నా ముక్కూ నోరూ మీకు కనపడుతూ ఉండాలి.

పునరావాస కేంద్రంలో, బడి గదిలో, ఇరవైమంది మధ్య, నిద్రలేక అలిసిపోయిన తల్లి పక్కలో బిడ్డ. అసలు ప్రమాదం అక్కడే. వెళ్ళేటప్పుడే చదునైన అడుగున్న గట్టి అట్టపెట్టె ఒకటి తీసుకెళ్ళండి, బిడ్డ కాళ్ళు చాపుకునేంత పొడుగుండాలి. పైరేకులు కోసేసి, అడుగున మడతపెట్టిన పలచని దుప్పటి ఒకటి పరిచి, బిడ్డని వెల్లకిలా వేసి, పైన దోమతెర బిగుతుగా కట్టండి. బల్లల మీద కాదు, నేల మీద, గోడ వారన, మీ తల దగ్గర పెట్టుకోండి. పెట్టె తడిస్తే మెత్తబడుతుంది, అప్పుడు మార్చెయ్యాలి. రాత్రి ఇంట్లోవాళ్ళు వంతులవారీగా మేలుకోగలిగితే మరీ మంచిది.

నీళ్ళు తీశాక ఇంటికి వచ్చిన మొదటి రాత్రి అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ పడిపోతారు. బిడ్డ పక్క ముందు సర్దండి. వరదలో నానిన పరుపు ఎండలో వేస్తే పైపైన ఆరుతుంది గానీ లోపల గడ్డకట్టి గుంటలు పడుతుంది. బిడ్డకి మళ్ళీ అది వాడకండి. బ్లీచింగ్ చల్లిన గది వాసన పోయేదాకా తలుపులు తీసి ఉంచి, అప్పుడే బిడ్డని లోపల పడుకోబెట్టండి.