ఇంప్లాంట్ తీయించుకున్నాక ఇంట్లో ఎలా కోలుకోవాలి

రొమ్ములో పెట్టిన ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక పొర కడుతుంది. నాకు అది గట్టిపడి నొప్పి మొదలైంది, హైదరాబాద్‌లో తీయించుకున్నాను. తీసిన పొరను ల్యాబ్ పరీక్షకు పంపుతారా అని మీరూ ముందే అడగండి. పైభాగం గరుకుగా ఉండే ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా, అంటే ఒక క్యాన్సర్, వస్తుంది. 2019లో కొన్నిటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నది అందుకే.

డ్రెయిన్ గొట్టం ఉంటే రోజూ ఎంత ద్రవం వచ్చిందో రాసిపెట్టండి. బిగుతు బ్రాలు రెండు కొనండి, కర్నూలు ఎండకి ఒకటి చాలదు. జ్వరం, ఎరుపు, ఒక పక్కే వాపు వస్తే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు వద్దంటారు. బిందె ఎత్తకూడదని అందరికీ తెలుసు. సంగటి గెలకడం మాత్రం ఎవరికీ గుర్తుండదు! తెడ్డు తిప్పితే ఛాతీ కండరమంతా లాగుతుంది. ఆ పని మగవాళ్లకి అప్పగించండి, నేర్చుకుంటారు. నడక మాత్రం తొందరగా మొదలుపెట్టండి. నేను సాయంత్రాలు కొండారెడ్డి బురుజు దాకా వెళ్లేదాన్ని. ఆటో ఎక్కితే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఛాతీకి చిన్న దిండు అదుముకోండి.

పాత జాకెట్లు వదులవుతాయి. వాపు పూర్తిగా తగ్గేదాకా కొత్తవి కుట్టించకండి. మొదటిసారి బయటికెళ్లడం పెళ్లికి కాకుండా, దగ్గరి స్నేహితురాలి ఇంటికైతే టెన్షన్ ఉండదు. "ఏమే, ఇట్లా అయినావు?" అని ఎవరైనా అడిగితే, "ఆపరేషన్ అయింది అత్తా, ఇప్పుడు బాగున్నా" అని చెప్పి, వాళ్ల మోకాళ్ల నొప్పుల గురించి అడగండి.