ఇంగిలాయిని ముల్లు గుచ్చుకోకుండా శుభ్రం చేయడం ఎలా?

వేసవిలో కాలువలు కట్టేశాక మా కోనసీమ బోదెల్లో, గుంటల్లో మిగిలిన నీళ్లలో ఇంగిలాయి చేపలు దొరుకుతాయి. ఇంటికి తెచ్చి, బొచ్చెను పట్టుకున్నట్టే పట్టుకుని చెయ్యి వాయగొట్టుకునేవాళ్లను ఏటా చూస్తున్నాను.

మూత ఉన్న గిన్నె, ఐసు, గోనెగుడ్డ, కటింగ్ ప్లేయర్, పొయ్యి బూడిద, కత్తిపీట ఉంటే చాలు.

ముందు చేప ఏదో చూసుకోండి. దీన్ని పోలిన మార్పు అనే చేపకు వీపు రెక్క తోక దాకా సాగి ఉంటుంది. ఇంగిలాయికి వీపు మీద రెక్క చిన్నది.

కదలట్లేదు కదా అని చచ్చిందనుకోవద్దు. దీనికి మొప్పల దగ్గర నుంచి వెన్ను పక్కగా తోక వైపు రెండు గాలి తిత్తులుంటాయి. పైగాలి పీల్చుకుంటూ నీళ్లు లేకున్నా గంటలకొద్దీ బతుకుతుంది. అరగంట ఐసులో పెట్టి మూతేయండి. చాలామంది బతికుండగానే ఉప్పు చల్లుతారు. అలా చేయకండి, చేప గిలగిల్లాడి ముళ్లు ఇంకా విచ్చుతుంది.

ఇప్పుడు అసలు పని. తల వెనక చెరో పక్కన ఒక్కో రెక్క, ఆ రెక్క ముందంచున రంపంలాంటి ముల్లు. విషం అక్కడే. బెదిరితే ముల్లు అడ్డంగా నిలబడి బిగుసుకుపోతుంది, వేలితో నొక్కినా మడవదు. చచ్చిన చేప ముల్లు గుచ్చుకున్నా అదే మంట. అందుకే రెండు ముళ్లూ తీసేదాకా కత్తిపీట జోలికి వెళ్లొద్దు. కత్తిపీట మీద కోయాలంటే చేపను రెండు చేతులా పట్టుకోవాల్సి వస్తుంది, మా మేనత్త వేలికి ముల్లు దిగింది అలాగే. చేపను చెక్క మీద బోర్లా పెట్టి, తలను గోనెగుడ్డతో అదిమి, ప్లేయర్‌తో ముల్లును మొదలంటా కత్తిరించండి. తిప్పి రెండోది. తెగిన ముళ్లను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. పెరట్లో విసిరితే చెప్పుల్లేని పిల్లల కాళ్లకు దిగుతాయి.

ఒకవేళ గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చెయ్యి అరగంటకు తగ్గకుండా ఉంచండి. నీళ్ల వేడి రెండో చేత్తో చూసుకోండి, పోటు పెట్టే చేతికి కాలేది తెలియదు. ముల్లు లోపల విరిగినా, వాపు పాకినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మిగతాది తేలిక. పొలుసు ఉండదు, జిగురే. బూడిద పట్టించి రుద్ది, పొట్ట తీసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. పులుసులోకి పచ్చి మామిడికాయే వేయాలి.