చామంతి మొగ్గ వేయలేదా? రాత్రిపూట వెలుతురు చూడండి

మిద్దె తోటలో మొక్క తేడాగా పెరుగుతుంటే మన చెయ్యి ముందు ఎరువు సంచి మీదికే పోతుంది. కాస్త ఆగండి. ఎప్పుడు సాగాలి, ఎటు వంగాలి, ఎప్పుడు పూయాలి అన్నది మొక్క వెలుతురును బట్టే తేల్చుకుంటుంది. అక్కడ లెక్క తప్పితే ఎంత ఎరువు వేసినా లాభం లేదు.

సమస్య: కార్తీకం దాటినా చామంతికి మొగ్గ లేదు

ఆకులు పచ్చగా ఉన్నాయి, తెగులు లేదు, మొక్క గుబురుగానే ఉంది. పక్కింట్లో విరగబూసింది, మన కుండీలో మాత్రం ఆకులే.

కారణం: చామంతి పూయాలంటే రాత్రులు పొడవు కావాలి. హైదరాబాద్‌లో పగలు జూన్‌లో 13 గంటలు దాటుతుంది, డిసెంబరుకి 11 గంటలకు తగ్గుతుంది. ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే పదార్థం ఈ మార్పును పసిగడుతుంది. ఎర్ర కాంతి తగిలితే అది ఒక రూపంలోకి మారుతుంది, చీకట్లో మెల్లగా వెనక్కి వస్తుంది. నడిరాత్రి కాసేపు బల్బు వెలిగినా చాలు, పొడవాటి రాత్రి కాస్తా రెండు చిన్న రాత్రులుగా తెగిపోతుంది. పూత ఆలస్యం కావాలనుకున్న చామంతి రైతులు తోటలో రాత్రిపూట బల్బులు వెలిగించేది ఇందుకే.

మా పిట్టగోడ పక్క కుండీలో వీధి దీపం వైపు కొమ్మలు ఉత్త ఆకులతో ఉండిపోయాయి, అవతలి వైపువి పూశాయి. ఒకే మట్టి, ఒకే ఎరువు. అప్పటిదాకా డీఏపీ వేస్తూ పోయినందుకు ఆ రోజు చాలా బాధేసింది.

ఏం చేయాలి: రాత్రి తొమ్మిదింటికి మిద్దె ఎక్కి కుండీ పక్కన నిలబడండి. మీ నీడ స్పష్టంగా పడుతోందంటే అక్కడ వెలుతురు ఎక్కువే. కుండీని చీకటి మూలకు మార్చండి. కదపలేనిదైతే సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకా మందపాటి నల్ల గుడ్డ కప్పండి. మొగ్గల్లో రంగు కనిపించే దాకా ఒక్క రాత్రి కూడా మానకూడదు. మధ్యలో గుడ్డ ఎత్తి టార్చి వేసి చూడొద్దు. యూరియా లాంటివి ఈ లోపు ఆపేయండి. గులాబీకి ఈ రాత్రి పట్టింపు లేదు, అది పూయకపోతే కారణం వేరే చోట వెతకాలి.

సమస్య: టమాటా నారు సన్నగా సాగి పడిపోతోంది

మొలకలు వచ్చాక కూడా పైన కప్పిన గోనె తీయకపోవడం ఒక కారణం. చీకట్లో ఉన్న మొలక వెలుతురు దొరికేదాకా కాండాన్నే సాగదీస్తుంది. రెండోది, నారు ఒత్తుగా పోయడం. ఆకులు ఎర్ర కాంతిని పీల్చుకుని, దానికి అవతల మన కంటికి సరిగా ఆనని కాంతిని వదిలేస్తాయి. ఆ తేడా కూడా ఫైటోక్రోమ్‌కే తెలుస్తుంది. నీడ ఇంకా పడకముందే, పక్కన పోటీ ఉందని మొక్క పొడుగు సాగడం మొదలుపెడుతుంది.

మొలక కనిపించిన రోజే గోనె తీసేయండి. పొద్దుటి ఎండ తగలనివ్వండి, ఒత్తుగా ఉన్నచోట పలచన చేయండి. రోజూ అరచేత్తో నారు మీద మెల్లగా నిమిరినా కాండం పొట్టిగా, గట్టిగా తయారవుతుంది, ఎందుకంటే మొక్క స్పర్శకు కూడా స్పందిస్తుంది. ఇప్పటికే సాగిన టమాటా నారును పారేయకండి. కాండం లోతుగా పూడ్చి నాటితే అక్కడి నుంచే వేళ్లు వస్తాయి.

సమస్య: కిటికీ దగ్గర మొక్క ఒకవైపు వాలింది

కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను నీడ వైపు చేరి అటు కణాలను సాగదీస్తుంది, మొక్క వెలుతురు వైపు వంగుతుంది. నాలుగు రోజులకోసారి కుండీని కాస్త తిప్పండి, సరిపోతుంది.

సమస్య: ఒకే కాండం, పక్క కొమ్మల్లేవు

ఇదీ ఆక్సిన్ పనే. కొన ఉన్నంతకాలం కింది మొగ్గలను లేవనివ్వదు. నాటిన నాలుగు వారాలకు కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. చామంతికైతే సెప్టెంబరు దాటాక తుంచకండి, పూమొగ్గలు రావాల్సింది ఆ కొనల్లోనే.