నోటి క్యాన్సర్ రేడియేషన్ తర్వాత దవడ ఎముకని ఎలా కాపాడుకోవాలి?

ట్రీట్‌మెంట్ అయిపోయింది, స్కాన్ క్లీన్ అన్నారు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండేళ్ళకి ఓ పన్ను సలపడం మొదలెడుతుంది, దగ్గర్లో ఉన్న డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే పది నిమిషాల్లో పీకేస్తారు, అసలు గొడవ అక్కడ మొదలవుతుంది, ఆ గుంట మానదు. నెలలు గడిచినా మానదు, లోపల ఎముక బయటపడి కనిపిస్తూనే ఉంటుంది. దీన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు, డాక్టర్లు పొట్టిగా ఓఆర్‌ఎన్ అనేస్తారు.

రేడియేషన్ క్యాన్సర్ కణాల్తో పాటు ఎముకలోని సన్నటి రక్తనాళాల్ని కూడా దెబ్బతీస్తుంది, రక్తం సరిగ్గా అందని ఎముక చిన్న గాయాన్ని కూడా మాన్పుకోలేదు. కింది దవడకే ఇది ఎక్కువ. 60 గ్రే (రేడియేషన్ డోస్‌ని కొలిచే యూనిట్) దాటి డోస్ పడిన చోట రిస్క్ ఇంకా ఎక్కువ. మొదటి మూడేళ్ళలో ఎక్కువగా బయటపడుతుంది కానీ పదేళ్ళ తర్వాత కూడా రావచ్చు, అందుకే "ఎప్పుడో అయిపోయింది కదా, ఇప్పుడేమవుతుందిలే" అని మాత్రం అనుకోవద్దు.

1. ముందు కాగితం సంపాదించండి. ఎన్ని గ్రే ఇచ్చారు, ఏ వైపు, ఏ పళ్ళ మీద ఎంత పడింది అనేది రేడియేషన్ డిపార్ట్‌మెంట్‌లో రాసి ఉంటుంది, అడిగి తీసుకుని ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి. ఏ డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే చూపించండి. జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటి ఎముకల ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే అది కూడా చెప్పాలి, వాటి వల్ల కూడా దవడకి ఇలాంటి ఇబ్బందే వస్తుంది.

2. పన్ను పీకాల్సిన పరిస్థితే రాకుండా చూసుకోవాలి. నా లెక్కలో సగం పని ఇదే. రేడియేషన్ తర్వాత లాలాజలం తగ్గిపోతుంది, నోరు ఎండిపోతే పళ్ళు చాలా తొందరగా పుచ్చిపోతాయి. డెంటిస్ట్ రాసిచ్చిన ఎక్కువ ఫ్లోరైడ్ పేస్టు గానీ ట్రేలో పెట్టుకునే జెల్ గానీ రోజూ వాడాలి, అదీ ఓ ఏడాది వాడి ఆపేసేది కాదు, ఇక అలవాటు చేసుకోవడమే. నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మానేయండి, మూడు నాలుగు నెలలకోసారి పళ్ళు చూపించుకోండి. సిగరెట్, పొగాకు, మద్యం మానాలని వేరే చెప్పక్కర్లేదు కదా. రేడియేషన్ ఇంకా మొదలవ్వని వాళ్ళైతే, పీకాల్సిన పళ్ళుంటే కనీసం రెండు వారాల ముందే పీకించేసుకోవాలి, గుంట మానడానికి టైమ్ కావాలి కాబట్టి.

3. పన్ను పాడైపోయింది, ఇప్పుడెలా? రూట్ కెనాల్ చేసి పైభాగం కోసేసి వేరుని లోపలే వదిలేయొచ్చా అని ముందు అడగండి. పీకక తప్పదంటే రేడియేషన్ డాక్టర్‌తో మాట్లాడి చేసే ఓరల్ సర్జన్ దగ్గరే చేయించుకోండి. పన్ను పీకే ముందు 20, పీకిన తర్వాత 10 సిట్టింగులు ఆక్సిజన్ ఛాంబర్‌లో (ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్చే గది) కూర్చోవాలని ఒకప్పుడు బాగా చెప్పేవాళ్ళు, కానీ 2019లో వచ్చిన హోపాన్ అనే ట్రయల్‌లో అది చేయించుకున్న వాళ్ళకీ చేయించుకోని వాళ్ళకీ పెద్ద తేడా కనిపించలేదు, కాబట్టి ఎవరైనా దానికి డబ్బు కట్టమంటే ఎందుకో అడిగి తెలుసుకోండి.

4. వారానికోసారి టార్చ్ వేసి అద్దంలో చూసుకోండి. ఎముక బయటపడటం, చీము, ఎంత కడిగినా పోని దుర్వాసన, పళ్ళు కదలడం, కింది పెదవి, గడ్డం మొద్దుబారడం, ఇవన్నీ వెంటనే చూపించుకోవాల్సినవే. ఇది ఎముక గొడవే అని మనమే తేల్చుకోకూడదు, క్యాన్సర్ తిరిగొచ్చినా ఇలాగే ఉండొచ్చు, అవసరమైతే స్కాన్, బయాప్సీ చేస్తారు.

5. ఓఆర్‌ఎన్ వచ్చేసిందా? బయటికి పొడుచుకొచ్చిన ఎముక ముక్కని గోటితో, టూత్‌పిక్‌తో కెలకొద్దు ప్లీజ్. చిన్నదైతే శుభ్రంగా పుక్కిలించడం, ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్, ఊడిన ముక్కల్ని డాక్టర్ తీసేయడం, వీటితోనే నెట్టుకొస్తారు. పెంటాక్సిఫిలిన్ అనే రక్తప్రసరణ మందు, విటమిన్ ఈ కలిపి నెలల తరబడి ఇచ్చే పద్ధతి కూడా ఉంది, కానీ రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి రక్తస్రావం రిస్క్ ఉంటుంది కాబట్టి సొంతంగా కొనుక్కోకూడదు. బాగా ముదిరితే పాడైన దవడ ముక్క తీసేసి, కాలి పిక్కలో ఉండే సన్నటి ఎముకని రక్తనాళాలతో సహా తెచ్చి అక్కడ అమరుస్తారు. వినడానికి భయంగానే ఉంటుంది, అయినా ఆ సర్జరీ బాగా అలవాటున్న టీములు ఉన్నాయి.

6. నోరు ఎంత తెరుచుకుంటుందో లెక్క పెట్టుకోండి. మీ మూడు వేళ్ళు నిలువుగా పడితే బాగానే ఉన్నట్టు, 35 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే దాన్ని ట్రిస్మస్ అంటారు. ఫిజియోథెరపిస్ట్ నేర్పిన ఎక్సర్‌సైజ్ రోజుకి కొన్నిసార్లు, కొంచెం కొంచెంగా చేయాలి, వదిలేస్తే మళ్ళీ బిగుసుకుపోతుంది. ఎముక బయటపడి ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా నోరు బలవంతంగా సాగదీయొద్దు, బలహీనపడ్డ దవడ విరగొచ్చు.

నమిలేటప్పుడు టక్కుమని శబ్దం వచ్చి పళ్ళ కలయిక ఉన్నట్టుండి మారిపోయినా, జ్వరంతో మెడ వాచి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి, ఆ రేడియేషన్ కాగితం ఫోటో మీతోనే ఉంటుంది కదా, వెళ్ళగానే అది చూపించండి.