ఫుట్‌బాల్ పందేల హ్యాండిక్యాప్‌లో ఆ మైనస్‌లు, ప్లస్‌లు ఎలా చదవాలి?

2022 వరల్డ్ కప్‌లో అర్జెంటీనా 2-1తో ఆస్ట్రేలియాని కొట్టిన పొద్దున విజయవాడ సత్యనారాయణపురంలో టీ తాగుతుంటే మా బావ "ఏరా, అర్జెంటీనా గెలిచిందిగా, మరి వాడెవడో పందెం పోయిందని ఏడుస్తాడేంటి" అన్నాడు. ఆ ఏడుపంతా -1.5 అనే నంబర్ వల్ల. ఆ మ్యాచ్‌తోనే చెప్తా.

ఏపీలో 2020లోనే ఆన్‌లైన్ పందేలు బ్యాన్ చేశారు, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, కాబట్టి లెక్క తెలుసుకోండి చాలు, డబ్బులు మాత్రం పెట్టకండి.

ముందు మైనస్ ఎవరికుందో చూడండి. చిన్నప్పుడు మా సందులో క్రికెట్ ఆడితే చిన్నపిల్లల టీమ్‌కి ముందే పది పరుగులు ఇచ్చేసేవాళ్ళం, లేకపోతే ఆటలో మజా ఏముంటుంది, హ్యాండిక్యాప్ అన్నా అంతే. గెలుస్తుందనుకునే టీమ్‌కి మైనస్, అవతలి టీమ్‌కి అంతే ప్లస్.

మ్యాచ్ అయ్యాక, పందెం పెట్టిన టీమ్‌కి మైనస్ ఉంటే ఆ నంబర్‌ని దాని స్కోర్‌లోంచి తీసేయండి, ప్లస్ ఉంటే కలపండి. అర్జెంటీనా -1.5 అంటే 2లోంచి 1.5 పోగా మిగిలేది 0.5, ఆస్ట్రేలియాది 1, పందెం గోవిందా. 77వ నిమిషం దాకా 2-0 ఉంది, గెలుస్తున్నట్టే, అప్పుడు ఆస్ట్రేలియా వాడు కొట్టిన షాట్ ఎంజో ఫెర్నాండెజ్‌కి తగిలి లోపలికి పోయింది, ఆ ఒక్క గోల్‌తో మొత్తం తిరగబడిపోయింది.

అదే -1 అయితే 1-1 సమానం, ఏషియన్ పద్ధతిలో పెట్టిన డబ్బు వాపస్ ఇస్తారు. యూరోపియన్ పద్ధతిలో డ్రా కూడా విడిగా ఒక పందెమే, అందుకని అర్జెంటీనా మీద పెట్టినోడికి వాపస్ కూడా ఉండదు.

అందర్నీ తికమక పెట్టేది -0.75. ఇది నిజానికి రెండు పందేలు, 200 పెడితే ఒక వంద -0.5 మీదకి, ఇంకో వంద -1 మీదకి పోతుంది. మన మ్యాచ్‌లో మొదటి వంద గెలిచింది, రెండోది వాపస్ వచ్చింది. -0.25 కూడా ఇలాగే, సగం 0 మీద, సగం -0.5 మీద.

ఇంకోటి, మామూలుగా లెక్క 90 నిమిషాలు ప్లస్ ఇంజురీ టైమ్ వరకే. అదే వరల్డ్ కప్ ఫైనల్ 90 నిమిషాలకి 2-2, తర్వాత పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది, అయినా అర్జెంటీనా -0.5 పెట్టినోడు ఓడినట్టే. కప్పు చేతిలో ఉంటే ఓడటమేంట్రా అని బావ ఇప్పటికీ నాతో గొడవే.