“ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి” అని అడిగినవారికి ఏమి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి?

గ్రంథాలయానికి వచ్చిన మనిషి “ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇవ్వండి” అంటే, కుర్చీలోంచి లేవకుండానే “నవలలు ఆ బీరువాలో ఉన్నాయి, చూసుకోండి” అని చెయ్యి చూపేవారు కొందరు. లేచి వెళ్లి తమకు నచ్చిన పుస్తకమే తెచ్చి చేతిలో పెట్టేవారు ఇంకొందరు. రెండూ తప్పే. రెండోది పెద్ద తప్పు, ఎందుకంటే మొహమాటానికి ఆ మనిషి దాన్ని ఇంటికి తీసుకుపోతాడు, మళ్లీ ఈ వైపు రాడు. వరంగల్, హనుమకొండ, చుట్టుపక్కల మండలాల శాఖా గ్రంథాలయాల్లో పని చేసేవారికి ఉపయోగపడుతుందని ఈ పద్ధతి రాస్తున్నాను.

కావలసినవి: ఒక రూళ్ల నోటు పుస్తకం, పెన్ను, కౌంటరు దాటి ఇవతలికి వచ్చే ఓపిక. కంప్యూటర్ ఉంటే సరే, లేకున్నా ఏమీ ఆగదు. ఫోనులో మాత్రం రాసుకోవద్దు. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా ఫోను తీస్తే మాట అక్కడే తెగిపోతుంది.

1. బీరువాలు తెలుసుకోండి

తిరిగి వచ్చిన పుస్తకాలను అటెండరుకు వదలకుండా మీరే సర్దండి. ఊళ్లో ఏమి చదువుతున్నారో తేదీల చీటీ చూస్తే తెలిసిపోతుంది. పుస్తకాలను విషయాలవారీగా అంకెలతో విడదీసే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యమంతా 894.827 కింద ఉంటుంది, కానీ ఏ పుస్తకం ఎవరికి నచ్చుతుందో ఆ అంకెను అడిగితే లాభం లేదు.

2. ఎవరిని కదిలించకూడదో తెలుసుకోండి

సొంత పుస్తకాలు, టిఫిన్ డబ్బా తెచ్చుకుని గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునే పిల్లల జోలికి వెళ్లవద్దు. వాళ్లకు కుర్చీ, ఫ్యాను, వెలుతురు చాలు.

3. ప్రశ్న అడగండి

పని చెడేది ఇక్కడే. కాస్త నిదానంగా చదవండి.

“మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?” అని అడగవద్దు. ఈ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు, నలుగురిలో చెప్పుకోదగిన జవాబు చెబుతారు. రాత్రి పన్నెండు దాకా డిటెక్టివ్ నవల చదివే మనిషి కూడా “చరిత్ర, ఆధ్యాత్మికం” అంటాడు. మీరు నమ్మి లావుపాటి గ్రంథం ఇస్తారు. అది గడువు దాకా వాళ్ల టీవీ పక్కన పడి ఉండి, అట్ట విప్పకుండానే వెనక్కి వస్తుంది.

ఇలా అడగండి: “ఈ మధ్య చదివినవాటిలో, చూసినవాటిలో మీకు బాగా నచ్చింది ఏది? అందులో ఏమి నచ్చింది?” సినిమా పేరు చెప్పినా, సీరియల్ పేరు చెప్పినా సరే. మొదటి సగానికి జవాబు వెంటనే వస్తుంది. రెండో సగం దగ్గర “బాగుంది సార్” అని ఆగిపోతారు. అప్పుడు మీరు నోరు మెదపకూడదు. “కథా? నటనా?” అని అందించారో, దేనికైనా తల ఊపేస్తారు. చేతిలో ఉన్న పుస్తకాల మీద ముద్రలు వేసుకుంటూ ఉండండి. కాసేపటికి అసలు మాట వాళ్లే చెబుతారు.

ఆ మాటను ఎలా వినాలో అమెరికా లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చక్కగా చెప్పారు. పుస్తకంలోకి వెళ్లడానికి నాలుగు గుమ్మాలు ఉన్నాయట: కథ, పాత్రలు, కథ జరిగే చోటు, భాష. “తర్వాత ఏమవుతుందోనని నిద్ర పట్టలేదు” అంటే మొదటిది. “అందులో అత్త అచ్చం మా మేనత్తే” అంటే రెండోది.

‘మా భూమి’ సినిమా నచ్చిందన్న అందరికీ ఒకే పుస్తకం ఇవ్వడం నేను చూస్తూనే ఉన్నాను. గడీ, వెట్టి, ఆ కాలపు పల్లె కళ్లకు కట్టాయన్నవారికి దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఇవ్వండి. పోరాటం కథే పట్టేసిందన్నవారు ఉర్దూ చదవగలిగిన పెద్దలైతే, ఆ సినిమాకు ఆధారమైన కిషన్ చందర్ నవల ‘జబ్ ఖేత్ జాగే’ పేరు చెప్పండి. అలాంటివారు వరంగల్‌లో ఇంకా ఉన్నారు. మాటలోని పదును నచ్చిందన్నవారికి కాళోజీ ‘నా గొడవ’. ఒకే సినిమా, మూడు జవాబులు.

ఇంకో జాగ్రత్త. మనిషిని చూసి ఊహించవద్దు. ఆడవాళ్లు రాగానే సీరియల్ నవలల వైపు, పంచె కట్టిన పెద్దాయన రాగానే భగవద్గీత వైపు మన చెయ్యి దానంతట అదే పోతుంది. ఆ చేతిని ఆపుకోవాలి.

4. పుస్తకం చేతికివ్వండి

మూడు పుస్తకాలు చూపండి. రెండు వాళ్ల జవాబుకు దగ్గరవి, ఒకటి కొంచెం పక్కది. నాలుగోది తీయకూడదు. కథ చెప్పవద్దు. అవార్డు ఊసు అసలే వద్దు, అది వినగానే సగంమందికి పాఠ్యపుస్తకం గుర్తుకొస్తుంది. మీ దగ్గర లేని పాత పుస్తకమైతే “లేదు” అని పంపేయకుండా, హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో అడగమనండి.

నచ్చకపోతే ఆపేయవచ్చని కూడా చెప్పండి. పెర్ల్ లెక్క ప్రకారం 50 పేజీలు చదివి చూడాలి. వయసు 50 దాటితే వందలోంచి వయసు తీసేయాలి. అంటే 70 ఏళ్ల పెద్దాయనకు 30 పేజీలు చాలు. ఈ లెక్క చెబితే పెద్దవారు తెగ సంతోషిస్తారు.

సినిమా సూచించేటప్పుడు ఒకటే నియమం: నవల ముందు, సినిమా తర్వాత. ఈ వరుస తారుమారైతే పుస్తకం నిండా ఆ నటుల ముఖాలే కనిపిస్తాయి.

“ఇంత శ్రమ ఎందుకు, తప్పక చదవాల్సిన 100 పుస్తకాలని ఫోన్లో జాబితాలు తిరుగుతున్నాయిగా” అనేవారున్నారు. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవగానే మనవాళ్లూ అలాంటిదే ఒకటి నోటీసు బోర్డుకు అంటిస్తారు. అది వచ్చే నవంబరు దాకా అక్కడే రంగు వెలుస్తుంది. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ 1931లోనే సూత్రం రాశారు. పాఠకుడి ముఖం చూడకుండా రాసే జాబితాలో అది ఎలా కుదురుతుంది?

5. తిరిగి వచ్చినప్పుడు

“ఎలా ఉంది?” అనవద్దు, “బాగుంది” అని వెళ్లిపోతారు. “ఎంతవరకు చదివారు?” అనండి. నోటు పుస్తకంలో పేరు లేకుండా సభ్యత్వ సంఖ్య, పుస్తకం, వాళ్లన్న ఒక్క మాట రాసి సొరుగులో పెట్టండి. నచ్చలేదన్న మాటే రేపు ఎక్కువ పనికొస్తుంది. బదిలీ అయినప్పుడు ఆ నోటు పుస్తకాన్ని ఇంటికి పట్టుకుపోకుండా, తర్వాత వచ్చేవారికి అప్పగించి వెళ్లండి.